పదేళ్ళ లక్ష్యం: విద్యార్థిగా అంబేద్కర్

జనవరి నెల వచ్చిందంటే మన హాస్టల్‌లో ట్రంకు పెట్టెల మూతల లోపల కొత్త కాగితాలు అతుక్కుంటాయి. ఒకరు పదో తరగతిలో మండలం ఫస్టు రావాలని రాసుకుంటారు. ఒకరు పోలీసు ఆఫీసరు కావాలని, ఒకరు టీచరు కావాలని రాసుకుంటారు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేవాలని దాదాపు అందరూ రాసుకుంటారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చేసరికి ఆ కాగితాల మూలలు ఊడిపోయి ఉంటాయి. ఉగాది నాటికి ఆ కాగితం ఉన్న సంగతే గుర్తుండదు.

ఇది మన ఒక్కరి తప్పు కాదు. కోరికకూ లక్ష్యానికీ ఉన్న తేడా మనకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది. ఆ తేడా ఒక మనిషి జీవితంలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన ఫోటో మన హాస్టల్ వరండాలోనే ఉంది. ఏప్రిల్ 14న జయంతికీ, డిసెంబరు 6న వర్ధంతికీ దండ వేసి దండం పెట్టుకుంటాం. రాజ్యాంగం రాసిన మహానుభావుడని ఉపన్యాసాల్లో వింటాం. కానీ డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా ఒకప్పుడు మనలాంటి విద్యార్థే. అనుకున్న చదువు పూర్తి చేయడానికి ఆయనకు పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళలో మధ్యలో చదువు ఆగిపోయింది, పుస్తకాలు పోయాయి, డబ్బు అయిపోయింది, రాసిన సిద్ధాంత గ్రంథం వెనక్కి వచ్చింది. ఈ సంచికలో ఆ విద్యార్థి కథ చెప్పుకుందాం.

గోనెపట్టా మీద కూర్చున్న పిల్లవాడు

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న నేటి మధ్యప్రదేశ్‌లో ఉన్న మౌ అనే సైనిక పట్టణంలో పుట్టాడు. తల్లి భీమాబాయి, తండ్రి రాంజీ సక్పాల్. తల్లిదండ్రులకు ఆయన పద్నాలుగో సంతానం. తండ్రి సైన్యంలో సుబేదారుగా చేశాడు. సైనిక పాఠశాలలో పాఠాలు కూడా చెప్పాడు. చదువు విలువ ఆ ఇంట్లో తెలుసు. తల్లి మాత్రం భీమ్‌రావు చిన్నతనంలోనే కన్నుమూసింది.

1900 నవంబరు 7న సాతారాలోని ప్రభుత్వ పాఠశాలలో అతడి పేరు నమోదైంది. ఆ బడిలో మిగతా పిల్లల మధ్య కూర్చునే వీలు అతడికి లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవాలి. దాహం వేస్తే కొళాయి ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు. ప్యూను రాని రోజు దాహంతోనే ఇంటికి పోవాలి.

ఒక వేసవిలో అన్నతో, మేనల్లుడితో కలిసి గోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి బయలుదేరాడు. మసూర్ స్టేషనులో రైలు దిగారు. ఉత్తరం అందకపోవడంతో వాళ్ళను తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. వాళ్ళ కులం తెలిశాక బండి కట్టడానికి ఏ బండివాడూ ఒప్పుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నా, బండి పిల్లలే తోలాలి, తాను పక్కన నడుస్తానన్నాడు. వెంట తిండి ఉంది గాని తాగడానికి నీళ్ళు దొరకలేదు. ఆ రాత్రంతా దాహంతో గడిపారు. మంచి బట్టలు వేసుకున్నా, డబ్బు చేతిలో ఉన్నా గుక్కెడు నీళ్ళు పుట్టని రోజు అది. తర్వాత తన అనుభవాలు రాసుకున్నప్పుడు అంబేద్కర్ మొదట రాసింది ఈ ప్రయాణం గురించే.

పరేల్‌లో ఒక్క గది

తర్వాత కుటుంబం బొంబాయికి చేరింది. పరేల్ ప్రాంతంలో మిల్లు కార్మికులు ఉండే చాల్‌లో ఒక్కటే గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. తండ్రి ఒక ఏర్పాటు చేశాడు. భీమ్‌రావు పెందలాడే పడుకోవాలి. రాత్రి రెండు గంటల దాకా తండ్రి మేలుకుని ఉండి, అప్పుడు కొడుకును లేపి, ఖాళీ అయిన ఆ చోట తాను పడుకునేవాడు. కొడుకు కిరసనాయిలు బుడ్డి ముందు తెల్లారే దాకా చదివేవాడు.

ఇద్దరు కొడుకులనూ చదివించే స్తోమత తండ్రికి లేదు. అన్న చదువు మాని పనిలో చేరాడు. భీమ్‌రావు అడిగిన పుస్తకం కొనడానికి తండ్రి పెళ్ళయిన కూతుళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళ నగలు తెచ్చి కుదువ పెట్టిన రోజులున్నాయి. మన ఇళ్ళలో కూడా ఒకరు చదవాలంటే మరొకరు కూలికి పోవడం కొత్త కాదు. అందుకే ఈ మాట ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

1907లో భీమ్‌రావు ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. 750కి వచ్చినవి 282 మార్కులు. గొప్ప మార్కులేం కావు. కానీ ఆ వాడలో అదొక పండుగ. అభినందన సభ పెట్టారు. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే రచయిత, ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను కుర్రవాడికి బహుమతిగా ఇచ్చారు. ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయే పరిస్థితి వస్తే ఆ కేలూస్కర్ గారే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరికి తీసుకువెళ్ళి నెలకు 25 రూపాయల ఉపకార వేతనం ఇప్పించారు. ఆ 25 రూపాయలతో బి.ఏ. పూర్తయింది.

1913 జనవరి

1913 జనవరిలో అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. వయసు ఇరవై రెండు నిండలేదు. డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది, పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. చాలామందికి లక్ష్యం అక్కడితో నెరవేరినట్టే. కొద్దిరోజులకే తండ్రికి జబ్బు చేసిందని తంతి వచ్చింది. తండ్రికి మిఠాయి తీసుకెళదామని దారిలో సూరత్ స్టేషనులో దిగారు. ఈలోపు రైలు వెళ్ళిపోయింది. మర్నాడు ఇల్లు చేరేసరికి తండ్రి కొన ఊపిరితో ఉన్నాడు. ఫిబ్రవరి 2న రాంజీ సక్పాల్ మరణించాడు.

పెద్ద దిక్కు పోయింది. ఇంటి బరువు మీద పడింది. సరిగ్గా అప్పుడే విదేశీ చదువుకు బరోడా సంస్థానం ఉపకార వేతనం ఇస్తుందని తెలిసింది. మూడేళ్ళపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు. చదువు పూర్తయ్యాక సంస్థానంలో పదేళ్ళు పనిచేయాలని షరతు. జూన్‌లో ఒప్పందం మీద సంతకం చేసి, జూలైలో న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు.

అక్కడ ఆయనను ఎవరూ విడిగా కూర్చోమనలేదు. కానీ ఆ స్వేచ్ఛను సరదాలకు ఖర్చు పెట్టలేదు. అర్థశాస్త్రం ముఖ్య విషయంగా తీసుకుని, దానితోపాటు సమాజశాస్త్రం, చరిత్ర, తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం చదివారు. వచ్చే డబ్బులో కొంత ఇంటికి పంపేవారు. మిగిలినదాంట్లో తిండి తగ్గించి పాత పుస్తకాలు కొన్నారు. 1915లో ఎం.ఏ. పట్టా వచ్చింది. 1916 మేలో భారతదేశంలో కులాల పుట్టుక మీద ఒక పరిశోధన పత్రం చదివారు. ఆ ఏడాదే భారతదేశ ఆర్థిక విషయాల మీద పిహెచ్.డి. కోసం సిద్ధాంత గ్రంథం సమర్పించారు.

1916 అక్టోబరులో లండన్ వెళ్ళి, బారిస్టరు చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ, అర్థశాస్త్రానికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ చేరారు. రెండు చదువులూ మొదలై ఏడాది తిరగకముందే ఉపకార వేతనం గడువు అయిపోయింది. తిరిగి రమ్మని కబురు వచ్చింది.

ఆగిపోయిన చదువు

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చదువు ఆగిపోయినందుకు ఏడుస్తూ ఓడ ఎక్కలేదు అంబేద్కర్. బయలుదేరే ముందు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టి, నాలుగేళ్ళలోపు ఎప్పుడు వచ్చినా చదువు కొనసాగించేలా అనుమతి తీసుకున్నారు. చేతిలో పైసా లేదు. తిరిగి ఎలా వస్తారో తెలియదు. అయినా తలుపు మూసుకుపోకుండా చూసుకుని వచ్చారు.

1917 ఆగస్టులో బొంబాయి చేరారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. ఆయన సామాను వేరే ఓడలో వస్తోంది. ఆ ఓడను శత్రువులు టార్పెడోతో ముంచేశారు. కడుపు కట్టుకుని కొన్న పుస్తకాల్లో చాలా భాగం సముద్రంలో కలిసిపోయింది. ఆ సామానుకు వచ్చిన నష్టపరిహారం డబ్బుతోనే బరోడాకు ప్రయాణమయ్యారు.

బరోడాలో మహారాజు ఆయనకు పెద్ద ఉద్యోగం ఇచ్చారు. కానీ ఆఫీసులో బంట్రోతులు ఫైళ్ళు చేతికివ్వకుండా దూరం నుంచి విసిరేవారు. ఊళ్ళో ఉండడానికి గది ఎవరూ ఇవ్వలేదు. ఒక పార్సీ సత్రంలో పేరు మార్చుకుని దిగారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని కొందరు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగితే ఇద్దరూ వెనకాడారు. కొలంబియాలో చదివిన ఆ మేధావి ఊరి తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయారు. ఆ చోటును ఇప్పుడు సంకల్ప భూమి అని పిలుస్తున్నారు. మన జాతి బతుకు మార్చడానికే తన జీవితం అని ఆయన నిశ్చయించుకున్నది అక్కడేనని లక్షలాది మంది నమ్మకం.

మనలో చాలామంది కొత్త సంవత్సరం రోజున, మనసు ఉల్లాసంగా ఉన్నప్పుడు లక్ష్యం పెట్టుకుంటాం. ఆయన లక్ష్యం గట్టిపడింది మాత్రం తలదాచుకునే చోటు లేని సాయంత్రం.

మూడేళ్ళ పొదుపు

బొంబాయిలో ట్యూషన్లు చెప్పారు. వ్యాపారస్తులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెడితే, కులం తెలిశాక గిరాకీ రాక మూతపడింది. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా ఉద్యోగం వచ్చింది. జీతం నెలకు 450 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద జీతమే. అయినా ఆయన చాల్ వదిలి బంగళాకు మారలేదు. స్టాఫ్ రూములో ఉమ్మడి కుండలో నీళ్ళు ముట్టుకోవడానికి తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం చెప్పినా ఉద్యోగం వదిలి పారిపోలేదు. ఎందుకంటే ఆ జీతంలో ప్రతి రూపాయికీ ఒక పని ఉంది. అది లండన్‌కు తిరిగి వెళ్ళే టికెట్టు.

ఈ మధ్యలోనే 1920 జనవరి 31న మూక్‌నాయక్ అనే మరాఠీ పక్షపత్రిక మొదలుపెట్టారు. కొల్హాపూర్ పాలకుడు సాహూ మహారాజ్ దానికి అండగా నిలిచారు. ఆ ఏడాదే ఉద్యోగానికి రాజీనామా చేసి, పొదుపు చేసిన సొమ్ము, సాహూ మహారాజ్ ఇచ్చిన సాయం, నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడి దగ్గర తీసుకున్న అయిదు వేల రూపాయల అప్పు కలుపుకుని లండన్ బయలుదేరారు. విశ్వవిద్యాలయం ఇచ్చిన నాలుగేళ్ళ గడువు ఇంకా ముగియలేదు.

లండన్‌లో ఆయన రోజు బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో గడిచేది. పొద్దున తలుపులు తెరిచేసరికి అక్కడ ఉండేవారు, మూసే వేళకు కాగితాల కట్టతో బయటికి వచ్చేవారు. మధ్యాహ్నం భోజనానికి డబ్బు చాలేది కాదు. రాత్రి ఆకలి వేస్తే అప్పడాలు కాల్చుకుని తిని మళ్ళీ చదువుకు కూర్చునేవారు. 1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. 1922లో బారిస్టరు అయ్యారు. అదే ఏడాది రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. కోసం సిద్ధాంత గ్రంథం సమర్పించారు.

1923 మార్చిలో ఆ గ్రంథాన్ని సవరించి మళ్ళీ ఇవ్వమని పరిశీలకులు చెప్పారు. డబ్బు పూర్తిగా అయిపోయింది. ఆయన బొంబాయి వచ్చి, ఇంట్లో కూర్చుని, తాను కనుగొన్న విషయాలు మార్చకుండా గ్రంథాన్ని తిరిగి రాసి ఆగస్టులో పంపారు. ఏడాది చివరికి అది ఆమోదం పొందింది. 1913లో మొదలైన ప్రయాణం 1923లో ఒక మజిలీకి చేరింది. కొలంబియా పిహెచ్.డి. పట్టా అయితే గ్రంథం అచ్చైన తర్వాత 1927లోగాని చేతికి రాలేదు.

ఒక్క సబ్జెక్టు పోయిందని పెట్టె సర్దుకుని ఊరికి పోయి మళ్ళీ రాని తమ్ముళ్ళను ప్రతి ఏడాదీ చూస్తున్నాం. ఆ తమ్ముళ్ళ ఇంటికి వెళ్ళి ఈ ఒక్క సంగతి చెప్పాలి. బాబాసాహెబ్ రాసింది కూడా ఒకసారి వెనక్కి వచ్చింది. ఆయన మళ్ళీ రాశారు.

రమాబాయి మోసిన బరువు

ఈ కథలో ఒక పేరు చెప్పకపోతే తప్పవుతుంది. ఆయన విదేశాల్లో చదువుతున్నప్పుడు బొంబాయిలో ఇల్లు నడిపింది భార్య రమాబాయి. అరకొర డబ్బుతో సంసారం ఈదింది. అయిదుగురు పిల్లల్లో నలుగురు పసితనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. 1935 మే 27న ఆమె కూడా కన్నుమూసింది. తర్వాత పాకిస్తాన్ సమస్య మీద రాసిన గ్రంథాన్ని అంబేద్కర్ ఆమెకు అంకితమిచ్చారు. పెద్ద లక్ష్యానికి ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు చాలాసార్లు మనకంటే మన ఇంట్లోవాళ్ళే ఎక్కువ కడతారు. మన ఫీజు కోసం, బస్ పాసు కోసం అమ్మ ఎన్ని రోజులు నాటుకు పోయిందో లెక్క తెలిసినవాడు స్టడీ అవర్లో నిద్రపోలేడు.

పట్టాల తర్వాత

పట్టాలు సంపాదించడమే లక్ష్యమైతే 1923తో కథ ముగిసేది. అంబేద్కర్‌కు అవి పనిముట్లు మాత్రమే. 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. ఆ సభ చేసిన మొదటి పనుల్లో ఒకటి ఏమిటో తెలిస్తే మనకు ఒళ్ళు పులకరిస్తుంది. 1925 జనవరిలో షోలాపూర్‌లో పేద విద్యార్థుల కోసం ఒక హాస్టల్ తెరిచింది. తిండి, బట్ట, పుస్తకాల ఖర్చు భరించి పిల్లలను హైస్కూలుకు పంపింది. రాత్రి రెండింటికి లేచి చదివిన పిల్లవాడికి, చదువుకునే పిల్లలకు ముందు కావలసింది తలదాచుకునే చోటని తెలుసు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాద్‌లో మరో కళాశాల వచ్చాయి. మన హాస్టల్ కూడా ఆ ఆలోచనల వారసత్వమే.

ఆయన తన లక్ష్యాన్ని మార్చలేదు గాని దారులు మార్చారు. 1927లో మహద్ చెరువు నీళ్ళ కోసం, 1930 నుంచి నాసిక్ కాలారామ్ గుడి ప్రవేశం కోసం సత్యాగ్రహాలు నడిపారు. ఏళ్ళ తరబడి పోరాడినా గుడి తలుపు తెరుచుకోకపోతే ఆ దారి వదిలి చదువు మీద, రాజకీయ హక్కుల మీద దృష్టి పెట్టారు. 1935 అక్టోబరులో యేవలాలో మతం మారతానని ప్రకటించారు. ఆ మాట నిలబెట్టుకున్నది 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్ళు చదివి, ఆలోచించి, తేల్చుకున్నారు.

ఓటములు కూడా ఉన్నాయి. 1947 ఆగస్టులో రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడయ్యారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చి, అంటరానితనం చట్టరీత్యా రద్దయింది. ఆ మరుసటి ఏడాదే, స్త్రీలకు ఆస్తి, విడాకుల హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగక మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1952లో లోక్‌సభ ఎన్నికల్లో, 1954లో భండారా ఉప ఎన్నికలో ఓడిపోయారు. అయినా ఆయన కోరిన మార్పుల్లో చాలా వరకు 1955, 1956లలో వేర్వేరు చట్టాలుగా వచ్చాయి. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. సాతారాలో గోనెపట్టా మీద కూర్చున్న పిల్లవాడిని మన హైదరాబాద్ అలా గౌరవించుకుంది. 1956 డిసెంబరు 6న ఆయన ఢిల్లీలో మరణించారు.

మన ట్రంకు పెట్టె కాగితం

తమ్ముళ్ళారా, ఈ జనవరిలో కాగితం అతికించే ముందు ఒక్క గంట కూర్చుని ఆలోచించండి. కోరిక అయితే ఏడాదికి చాలు. లక్ష్యమైతే కనీసం పదేళ్ళ లెక్క వేయాలి. పదేళ్ళ తర్వాత ఎక్కడ ఉండాలో పైన రాయండి. ఈ ఏడాది దానికోసం చేయాల్సిన ఒకే ఒక్క పని కింద రాయండి. మధ్యలో చదువు ఆగిపోయే పరిస్థితి వస్తే తిరిగి రావడానికి ఏ తలుపు తెరిచి ఉంచుకోవాలో కూడా రాయండి. సప్లిమెంటరీ పరీక్ష ఉంది, ఓపెన్ స్కూలు ఉంది, పాలిటెక్నిక్, ఐటీఐ ఉన్నాయి. వార్డెన్ గారిని, సీనియర్లను అడిగితే దారి చెబుతారు. అడగడానికి సిగ్గుపడకండి. కేలూస్కర్ గారి వెంట మహారాజు దగ్గరికి వెళ్ళినప్పుడు అంబేద్కర్ సిగ్గుపడలేదు.

చివర ఇంకొక్క గీత గీసి, మీ లక్ష్యం నెరవేరితే మీతోపాటు ఇంకెవరి బతుకు బాగుపడుతుందో రాయండి. ఆ గీత దగ్గర ఏమీ రాయలేకపోతే ఆ లక్ష్యాన్ని మళ్ళీ ఆలోచించుకోవాలి.

పూర్వ విద్యార్థి అన్నలకూ ఒక మనవి. మీరు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, సంతోషం. షోలాపూర్ హాస్టల్ తెరిచేనాటికి అంబేద్కర్‌కు ప్రాక్టీసు ఇంకా కుదురుకోలేదు, అప్పులు తీరలేదు. అయినా పిల్లల కోసం చోటు వెతికారు. ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువా కప్పించుకుని వెళ్ళిపోకుండా, పదో తరగతి పిల్లల్లో ఒక్కరి పేరు రాసుకుని వెళ్ళండి. ఇంటర్ ఫారం నింపేదాకా ఆ ఒక్కరిని కనిపెట్టుకుని ఉండండి.

వచ్చే జనవరిలో మన పెట్టెల మూతలు తెరిచినప్పుడు, ఈ ఏడాది కాగితం చిరగకుండా అక్కడే ఉండాలి. దాని కింద ఒక పని పూర్తయినట్టు టిక్కు ఉండాలి. మిగిలిన తొమ్మిదేళ్ళ సంగతి అప్పుడు చూసుకుందాం.

జై భీమ్.